రిజిస్టర్‌లో లేని ఇల్లు

అమ్మలారా, అయ్యలారా, లుటాండా బస్తీ జనమా, గోడ వారన నేలమీద కూర్చున్న నా తోటి వాలంటీర్లారా, ముందు వరుస కుర్చీల్లో కూర్చున్న ఆఫీసు పెద్దలారా!

కలూబా అక్క పోయి ఇవాళ్టికి ఏడు రోజులు. మీరంతా పనులు మానుకుని వచ్చారు. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు సుత్తులు పక్కన పడేసి వచ్చారు, చేతుల మీద సున్నపు దుమ్ము ఇంకా అలాగే ఉంది. చర్చి అక్కలు తెల్ల తలగుడ్డలు కట్టుకుని వచ్చారు. ఈ ఏడు రోజులూ చావింటి ముందు కుంపట్లు ఆరకుండా చూసి, వచ్చిన ప్రతివాళ్ళకీ న్షిమా సంకటి వండి పెట్టిన వీధి ఇది. మీ అందరికీ నా దండాలు.

నన్ను మాట్లాడమన్నారు. పిలిచేటప్పుడే చెవిలో ఒక మాట వేశారు. "మూసెంగే, అయిదు నిమిషాలే. మంచి మాటలు చెప్పు. అతిథులున్నారు, చూసుకో" అన్నారు. సరే, మంచి మాటలే చెబుతాను. కలూబా గురించి చెప్పడానికి నా దగ్గర చెడ్డ మాట ఒక్కటీ లేదు. మిగతావాళ్ళ గురించి మాత్రం హామీ ఇవ్వలేను.

అదిగో, ఆ కుర్చీ చూడండి. దండ వేసిన ఫోటో ఉందే, ఆ కుర్చీ. పదకొండేళ్ళపాటు కలూబా రోజూ ఈ ఆసుపత్రి ఆవరణలోకి వచ్చింది. ఒక్కరోజైనా, ఒక్కరైనా, "రామ్మా, ఈ కుర్చీలో కూర్చో" అన్నారా? అనలేదు. "అదిగో రోగుల బెంచీ, అక్కడ కూర్చో, పిలుస్తాం" అన్నారు. ఆ బెంచీ మీద ఎవరు కూర్చుంటారో మీకు తెలుసు. దగ్గేవాళ్ళు కూర్చుంటారు. పదకొండేళ్ళు వాళ్ళ మధ్యన కూర్చుంది. ఇవాళ ఆమె ఫోటోకి కుర్చీ దొరికింది. పెద్దలకు కృతజ్ఞతలు.

ఆమె ఈ పనిలోకి ఎందుకు వచ్చిందో చిన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. ఆమె పెనిమిటి సున్నపు బట్టీలో పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు. బట్టీ దుమ్మేలే అనుకున్నారంతా. ఆ రోజుల్లో మన బస్తీలో గడపగడపకీ వచ్చి "ఎన్నాళ్ళ నుంచి దగ్గు?" అని అడిగే మనిషి లేదు. పాలు తాగే కూతురు కాటోంగోని వీపున కట్టుకుని మొగుణ్ణి మట్టిలో పెట్టి వచ్చింది. కొన్నేళ్ళకి ఆసుపత్రివాళ్ళు వాలంటీర్లు కావాలన్నారు. జీతం లేదన్నారు. సంచి ఇస్తామన్నారు, గొడుగు ఇస్తామన్నారు, పసుపు టీషర్టు ఇస్తామన్నారు. చెయ్యెత్తినవాళ్ళలో మొదటిది కలూబా. నన్ను కూడా మోచేత్తో పొడిచి లేపింది. "లేవే మూసెంగే, నువ్వు ఎలాగూ వీధి వీధంతా తిరిగి చాడీలు చెప్పేదానివే కదా, ఆ తిరిగేదేదో పనికొచ్చేలా తిరుగు" అంది. అలా చేరాను నేను.

కాలువకి అటువైపు నూట నాలుగు ఇళ్ళు ఆమెవి. ఇటువైపు తొంభై ఎనిమిది ఇళ్ళు నావి. ఇంటింటికీ వెళ్ళాలి, నాలుగు ప్రశ్నలు అడగాలి. దగ్గు ఎన్ని వారాల నుంచి? సాయంత్రానికి జ్వరం వస్తోందా? పడుకుంటే చెమటలు పడుతున్నాయా? ఒళ్ళు తగ్గుతోందా? అడిగాక, వెళ్ళినట్టు గుర్తుగా సున్నపురాయి ముక్కతో గుమ్మం పక్క చెక్క కమ్మీ మీద తారీకు వెయ్యాలి. అనుమానం ఉంటే కళ్లె సీసా ఇచ్చి, మర్నాడు పొద్దున్నే తీసుకొచ్చి, అదిగో ఆ పరీక్ష గది కిటికీలో ఇవ్వాలి. టీబీ అని తేలితే ఆరు నెలలు, రోజూ, మన కళ్ళ ముందు మాత్రలు మింగించాలి. చెప్పడానికి ఇంతే పని.

చిసుతా తాత ఇక్కడే ఉన్నాడు. తాతా, చెయ్యెత్తకు, నువ్వెవరో అందరికీ తెలుసు. ఈ తాతకి మాత్రలు మొదలుపెట్టినప్పుడు ఏం చేసేవాడో తెలుసా? నాలుక కింద దాచుకుని, కలూబా వీధి మలుపు తిరగ్గానే గుమ్మడిపాదులో ఉమ్మేసేవాడు. మందులు పడితే ఆకలి పుడుతుంది, ఇంట్లో తిండి లేదు. ఆకలి వేయకుండా ఉండాలని మందు ఉమ్మేసే మనుషులు ఉంటారని శిక్షణలో మాకెవరూ చెప్పలేదు. ఒకరోజు తాతకి సాయంగా కలూబా ఆ పాదు తవ్వుతుంటే మాత్రలు బయటపడ్డాయి. ఆమె కేకలు వేయలేదు. ఆఫీసుకి రాయలేదు. మర్నాటి నుంచి తన వంటలోంచి ఒక గిన్నెడు న్షిమా, గుమ్మడాకు కూర పట్టుకెళ్ళేది. ఒక షరతు కూడా పెట్టింది. "తాతా, మింగావా? అయితే నన్ను తిట్టు. నోట్లో మాత్ర ఉన్నవాడు గట్టిగా తిట్టలేడు" అంది. తాతకి తిట్లు కొత్తా? మొదలుపెట్టాడు. "నీ కాళ్ళు విరగ, నీ మొహం మండ, తెల్లారకుండానే దాపురించావే నా ప్రాణానికి!" అని వీధి అదిరేలా తిట్టేవాడు. ఆరు నెలలు తిట్టాడు. ఆమె గిన్నె కడుక్కుని, నవ్వుకుంటూ, గుమ్మం మీద తారీకు వేసి పక్కింటికి పోయేది. తాత బతికాడు. చూడండి, ఎంత పుష్టిగా కూర్చున్నాడో.

ఇప్పుడు ఫోటో సంగతి చెబుతాను. ఆ ఫోటోలో కలూబా పసుపు టీషర్టు వేసుకుని నవ్వుతోంది కదా. వీపు మీద "టీబీని తరిమికొడదాం" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. ఆఫీసువాళ్ళకి అది ముద్దొచ్చింది. మన వీధిలో ఆ టీషర్టు ఒక గుమ్మం ముందు ఆగిందంటే ఏమవుతుంది? సాయంత్రానికల్లా నీళ్ళ కుళాయి దగ్గర ఆ ఇంటి బిందె పక్కన ఎవరూ బిందె పెట్టరు. అవునా, కాదా? తల దించుకోకండి, చెప్పండి. అవును. అందుకని కలూబా టీషర్టు తిరగేసి తొడుక్కునేది. నెత్తిన ఎండు కపెంటా చేపల బేసిన్ పెట్టుకుని, చేపలమ్మే మనిషిలా తిరిగేది. చేపల కింద గుడ్డ, గుడ్డ కింద కళ్లె సీసాలు. "కపెంటా, కపెంటా!" అని అరుస్తూ పోయి, గుమ్మం దగ్గర కూర్చుని, చేపలు కొలుస్తున్నట్టు నటిస్తూ నాలుగు ప్రశ్నలూ అడిగేది. బేసిన్ చూసి మీలో సగం మంది ఆమెకి చేపల వ్యాపారం బాగా సాగుతోందని కుళ్ళుకున్నారు కూడా.

ఒకరోజు పైనుంచి తనిఖీకి వచ్చారు. తిరగేసిన టీషర్టు చూశారు. ఎందుకు తిరగేశావని అడిగారా? అడగలేదు. "యూనిఫాం క్రమశిక్షణ లేదు" అని రాసుకున్నారు. సరిగ్గా తొడిగించి, కలూబాని ఈ గోడ దగ్గరే నిలబెట్టి, నవ్వమని చెప్పి ఫోటో తీశారు. ఆ ఫోటో పెద్దది చేయించి ఆఫీసు గోడకి తగిలించారు. అదే ఫోటో ఇవాళ కుర్చీలో ఉంది. నాకు మాత్రం ఆ నవ్వు చూస్తే కడుపు మండిపోతుంది. అది పక్కింటి తల్లి పరువు కాపాడినందుకు తిట్లు తిన్న రోజు నవ్విన నవ్వు.

జనమా, ఇంతవరకు చెప్పింది మంచి మాటలు. ఇక అసలు మాట చెబుతాను. అధ్యక్షులవారు గడియారం చూసుకుంటున్నారు. కాస్త ఓపిక పట్టండి. ఆమె పదకొండేళ్ళు ఓపిక పట్టింది.

మా రిజిస్టర్‌లో ఒక నియమం ఉంది. వాలంటీరు తన సొంత ఇంటిని రిజిస్టర్‌లో రాయకూడదు. శిక్షణ ఇచ్చిన మొదటి రోజే చెప్పారు. "మీ ఇంటి సంగతి మీరే చూసుకుంటారు కదా, దానికి మళ్ళీ లెక్కెందుకు?" అన్నారు. మేమందరం తలూపాం. అందులో తప్పేముంది అనిపించింది. కలూబా నూట నాలుగు ఇళ్ళూ రాసింది, నూట అయిదోది తనదే, అది వదిలేసింది. పదకొండేళ్ళలో ఆమె నూట నాలుగు గుమ్మాల మీద ఎన్ని వందల తారీకులు వేసిందో దేవుడికి తెలుసు. ఆమె గుమ్మం మీద ఒక్క తారీకు లేదు. మొన్న చావింటికి వెళ్ళినప్పుడు మీలో ఎవరైనా గమనించారా? నేను గమనించాను. ఆ కమ్మీ నిన్ననే పెట్టించినంత శుభ్రంగా ఉంది.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున సీసాలు అయిపోయి, అడిగి తెచ్చుకుందామని ఆమె ఇంటికి వెళ్ళాను. లోపల దగ్గు వినిపించింది. లోతైన దగ్గు. "ఏంటక్కా?" అన్నాను. "కుంపటి పొగే, తడిసిన బొగ్గులు" అంది. సరేనన్నాను. సీసాలు తీసుకుని వచ్చేశాను.

వినండి. తొంభై ఎనిమిది ఇళ్ళలో ఎవరైనా నాతో "పొగ" అంటే నేను కదలను. "ఎన్ని వారాల పొగమ్మా?" అని అక్కడే కూలబడతాను. అలా కూర్చోవడం నాకు నేర్పిందే కలూబా. ఆ గుమ్మం దగ్గర మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. ఎందుకు? ఆ ఇల్లు నా రిజిస్టర్‌లో లేదు. ఆమె రిజిస్టర్‌లో కూడా లేదు. ఆ ఇల్లు ఎవరిదీ కాదు. ఆఫీసుని తిట్టడం నాకు సులువు, ఇందాకటి నుంచి తిడుతూనే ఉన్నాను. ఆ పొద్దున అక్కడ ఆఫీసు లేదు. నేనున్నాను.

తర్వాత నెలలో ఆమెకే అనుమానం వచ్చింది. తన కళ్లె తానే సీసాలో పట్టుకుని ఆ కిటికీ దగ్గరికి వెళ్ళింది. లోపలి మనిషి అడిగాడు, "ఇంటి నంబరు?" నా ఇల్లే బాబూ అంది. "నీ ఇల్లు రిజిస్టర్‌లో లేదు. పరీక్షకి పంపిన వాలంటీరు పేరు?" నేనే అంది. "నిన్ను నువ్వే పంపుకోవడం కుదరదమ్మా. నంబరు రాయించుకుని రా" అన్నాడు. సీసా వెనక్కి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం కాలువ గట్టు మీద కూర్చుని ఆమే నాకు చెప్పింది. పెద్ద హాస్యంలా చెప్పింది. "ఒసే మూసెంగే, నాకు నంబరు లేదటే! ఇన్నాళ్ళూ ఎవరింట్లో ఉంటున్నానో వెతుక్కోవాలి" అని పకపకా నవ్వింది. నవ్వుతూ దగ్గింది. నేనూ నవ్వాను. అవునమ్మా, నేనూ నవ్వాను! నా రిజిస్టర్‌లో తొంభై తొమ్మిదో వరుస ఖాళీగా ఉంది. ఒక్క గీత గీసి, ఆమె పేరు రాస్తే సరిపోయేది. కాలువకి అటువైపు నా హద్దు కాదని నాకు అంత బాగా బుర్రకెక్కింది మరి.

ఇంకోసారి వెళ్ళు అక్కా, గొడవపడు అన్నాను. అప్పుడు నవ్వడం ఆపింది. "ఇప్పుడు తొమ్మిది మంది మాత్రలు మింగుతున్నారే. నాకే ఉందని తెలిస్తే ఒక్కడైనా తలుపు తీస్తాడా? వాళ్ళవి అయిపోనీ, అప్పుడు చూద్దాం" అంది. నేను లేదు, కాదు అనలేదు. చెప్పాను కదా, ఆ ఇల్లు ఎవరిదీ కాదు.

చలి రోజుల్లో రాళ్ళ గుట్ట దగ్గర పడిపోయింది. పెద్దాసుపత్రికి మోసుకెళ్ళారు. అప్పుడు తేలింది. తేలాక ఏమైంది? తలుపు తీయరు అంది కదా, మీరు ఆమె మాట నిలబెట్టారు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఆమె వేసిన సున్నం తారీకుల్ని తడిగుడ్డతో తుడిచేశారు. పేర్లు చెప్పను. పదిహేడు గుమ్మాలు. అన్నీ నాకు తెలుసు. అందులో ముగ్గురి ప్రాణాలు ఆమె నిలబెట్టినవే. "మాకు అదే అంటించి ఉంటుంది" అన్నారు కుళాయి దగ్గర. అన్నవాళ్ళు ఇవాళ ఇక్కడ అందరికంటే గట్టిగా ఏడుస్తున్నారు. ఏడవండి. ఏడుపుకి ఎవరూ రిజిస్టర్ పెట్టలేదు.

ఇంటికి తెచ్చాక మూడు వారాలు ఉంది. ఆ మూడు వారాలూ రోజూ వచ్చింది ఒకే ఒక్కడు, చిసుతా తాత. కర్ర పొడుచుకుంటూ, గిన్నెలో గంజి పట్టుకుని వచ్చేవాడు. మాత్ర చేతిలో పెట్టేవాడు. "మింగావా? అయితే తిట్టు నన్ను" అనేవాడు. ఆమెకి గొంతు లేదు. అయినా తిట్టేది. "నీ గుమ్మడిపాదు ఎండిపోను" అని ఒకసారి అంది, తాత ఆ రోజంతా వీధిలో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడు. ఆఖరి రోజు పొద్దున తిట్టలేకపోయింది. నేను అక్కడే ఉన్నాను. "తిట్టవే పిల్లా, ఒక్క తిట్టు తిట్టవే" అని బతిమాలాడు. ఆమె పెదవులు కదిలాయి, మాట రాలేదు. తాత తనని తానే తిట్టుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు.

పెద్దలారా, ఈ బ్యానర్ మీద "త్యాగమూర్తి" అని రాయించారు. చాలా అందంగా ఉంది. దయచేసి ఆ మాట తీసేయండి. ఆమె చావాలనుకోలేదు. ఆమె పరీక్ష చేయించుకోవాలనుకుంది. సీసా పట్టుకుని మీ కిటికీ దాకా వచ్చింది. అడిగిందల్లా తన కళ్లె తీసుకోమని. బ్యానర్‌కి గుడ్డ దొరికింది, రంగు దొరికింది. ఒక ఇంటికి నంబరు దొరకలేదు.

ఇక చివరి మాట.

పోయే ముందు రోజు, కాటోంగో నీళ్ళకి వెళ్ళినప్పుడు, నన్ను దగ్గరికి రమ్మంది. చెవి ఆమె నోటి దగ్గర పెడితే తప్ప వినపడలేదు. "ఆ నాలుగు ప్రశ్నలూ మా పిల్లని అడుగు" అంది. నువ్వే అడగొచ్చు కదా అక్కా అన్నాను. "నేనడిగితే పొగ అమ్మా అంటుంది. నా దగ్గర నేర్చుకున్నదే కదా" అంది.

నియమం రాసినవాళ్ళు వింటున్నారా? మీ ఇంటి సంగతి మీరే చూసుకుంటారు కదా అన్నారు. ఏ తల్లి చూసుకోగలదు? అమ్మ దిగులుపడుతుందని పిల్ల దగ్గు మింగుతుంది. పిల్ల బెదురుతుందని అమ్మ మింగుతుంది.

నిన్న మధ్యాహ్నం నేను కాలువ దాటాను. కలూబా ఇంటికి చావింటికి వచ్చినట్టు వెళ్ళలేదు, పనికి వెళ్ళాను. సంచి వేసుకుని, రిజిస్టర్ పట్టుకుని, గుమ్మం బయటే నిలబడి పిలిచాను. కాటోంగో వచ్చింది. నాలుగు ప్రశ్నలూ అడిగాను. మొదటి ప్రశ్నకి "పొగ పిన్నీ" అంది. నేను అక్కడే కూలబడి, ఎన్ని వారాల పొగమ్మా అని అడిగాను. చాలాసేపు కూర్చున్నాను. చివరికి చెప్పింది. ఏం చెప్పిందో ఇక్కడ చెప్పను, అది ఆమెకీ నాకూ మధ్య మాట. ఆ గుమ్మం మీద పదకొండేళ్ళలో మొదటి తారీకు వేశాను. కలూబా రిజిస్టర్ తీసి నూట అయిదో వరుసలో ఆ ఇల్లు రాశాను. సిరాతో రాశాను ఆఫీసరు గారూ, చెరిపితే కాగితం చిరుగుతుంది. కాటోంగో సీసా ఇవాళ పొద్దున తెచ్చాను. ఇదిగో, నా సంచిలో ఉంది. ఈ సభ అయిన మరుక్షణం ఆ కిటికీ దగ్గరికి వెళతాను. మీరూ నాతో రావాలి. నంబరు అడిగితే నేను చెబుతాను. తీసుకోకపోతే, ఎందుకు తీసుకోలేదో మీరు ఈ జనానికి చెప్పాలి.

వాలంటీర్లారా, రేపటి నుంచి ఒకరి ఇల్లు ఇంకొకరి రిజిస్టర్‌లో ఉండాలి. నా ఇంటికి ఎవరు వస్తారో మీరే తేల్చుకోండి. వచ్చినవాళ్ళని నేను తిడతాను, అయినా రావాలి. కలూబా దగ్గర ఇంకా మాత్రలు పూర్తికాని తొమ్మిది మందీ, పొద్దున్నే తలుపు తీసి ఉంచండి. చేపల బేసిన్ నాకు మొయ్యడం రాదు. పసుపు టీషర్టుతోనే వస్తాను, తిరగెయ్యకుండా వస్తాను. సిగ్గుపడేవాళ్ళు ఆ కుర్చీలో ఫోటోని తలుచుకుని సిగ్గుపడండి.

ఇప్పుడు అందరూ లేవండి. కుర్చీల్లో ఉన్నవాళ్ళూ, నేలమీద ఉన్నవాళ్ళూ. కలూబా కోసం రెండు నిమిషాలు మాట్లాడకుండా నిలబడదాం. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. దగ్గు వస్తే ఆపుకోకండి. పక్కవాళ్ళేమనుకుంటారోనని కొంగులో, నడుముకి చుట్టిన చిటెంగే గుడ్డలో నొక్కేసుకోకండి. సభ మర్యాద అని మింగకండి. ఆమె మింగింది, చూశారు కదా. దగ్గండి. నేను కళ్ళు మూసుకోను. రిజిస్టర్ తెరిచి, మీ ముఖాలు చూస్తూ నిలబడతాను. ఎవరు దగ్గితే రేపు పొద్దున వాళ్ళ గుమ్మం ముందు ఉంటాను.

కాటోంగో, నువ్వు నా పక్కకి రా తల్లీ. ఇక్కడ నిలబడు. నువ్వు కూడా ఆపుకోకు.